ఆగిపోయిన శాంపిల్ లైబ్రరీలు: హార్డ్ డిస్కులోకి ఎక్కిస్తే చాలా?

"వైజాగ్‌లో చిన్న హోమ్ స్టూడియో. గిగాస్టూడియో డీవీడీలు, పాత కాంటాక్ట్ లైబ్రరీలు (రికార్డు చేసిన వాద్యాల స్వరాలను కీబోర్డుతో వాయించే సాఫ్ట్‌వేర్లూ, వాటి స్వరాల సెట్లూ) ఉన్నాయి. ఇప్పుడెవరూ అమ్మడం లేదు. కాపీ చేసి దాచుకుంటే సరిపోతుందా?" అని ఒకరు అడిగారు.

సరిపోదు. ఫైళ్లు పోయి పాడయ్యేవాటి కంటే, లైసెన్సు తాళం తీసే సర్వీసు లేక మూలన పడేవే ఎక్కువ. యూఎస్‌బీ డాంగిల్‌లో లైసెన్సులు పెట్టే ఈలైసెన్సర్‌నే చూడండి, దాని సర్వీసు 2025లో ఆగిపోయింది. డాంగిల్‌లో ఉన్న లైసెన్సు పనిచేస్తుంది గానీ, ఆ డాంగిల్ విరిగితే ఇంకోదాంట్లోకి మార్చుకోలేరు. డబ్బు పెట్టి కొన్నవాడికి ఈ తిప్పలేమిటో! అందుకే యాక్టివేషన్ బతికుండగానే, పాత పాటల్లో ఆ లైబ్రరీ వాడిన ప్రతి ట్రాకునూ 24 బిట్ వేవ్‌గా బౌన్స్ చేసి (అంటే మామూలు ఆడియో ఫైలుగా తీసి), పక్కనే ఏ స్వరం ఎప్పుడు వాయించారో చెప్పే మిడి ఫైలు పెట్టుకోండి.

గిగాస్టూడియోను టాస్కామ్ 2008లోనే ఆపేసింది. దానికి ప్రత్యేకమైన సౌండ్ కార్డు డ్రైవర్లు కావాలి కాబట్టి పాత విండోస్ కోసం వెతుక్కోకండి. లైనక్స్‌శాంప్లర్ అనే సాఫ్ట్‌వేర్ గిగాస్టూడియో వాడే గిగ్ ఫైళ్లను నేరుగా వాయిస్తుంది, గిగ్‌ఎక్స్‌ట్రాక్ట్ అనే టూల్‌తో వేవ్‌లు బయటికి తీయొచ్చు. పెద్ద లైబ్రరీల్లో జీఎక్స్01, జీఎక్స్02 అనే తోక ఫైళ్లు ఉంటాయి. అవి అసలు ఫైలుతో ఒకే ఫోల్డర్లో ఉండాలి.

ఇక చాలామంది బోల్తా పడేది ఇక్కడ: చోటు కలిసొస్తుందని వేవ్‌లను ఫ్లాక్‌గా (నాణ్యత తగ్గకుండా కుదించిన ఆడియో ఫైలుగా) మారుస్తారు. తిరిగి వేవ్ చేశాక వయొలిన్ సస్టెయిన్ (సాగదీసిన స్వరం) నాలుగైదు సెకన్లకే టక్కున తెగిపోతుంది. స్వరం సాగేందుకు తిరిగి తిరిగి వాయించే ముక్క, అంటే లూప్, ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో వేవ్‌లోని 'ఎస్ఎమ్‌పీఎల్' అనే భాగంలో ఉంటుంది, మామూలు ఫ్లాక్ దాన్ని పారేస్తుంది. కమాండ్‌లో కీప్-ఫారిన్-మెటాడేటా అనే ఆప్షన్ పెట్టాలి, మార్చేటప్పుడూ, వెనక్కి తెచ్చేటప్పుడూ. చోటుకు కరువు లేకపోతే ఆ గొడవే వద్దు, వేవ్‌గానే ఉంచేయండి.

కాంటాక్ట్‌లో బ్యాచ్ రీసేవ్ (లైబ్రరీలోని ఫైళ్లన్నిటినీ ఒకేసారి మళ్లీ సేవ్ చేయడం) కాపీ మీదే చేయండి. కొత్త వెర్షన్లో సేవ్ చేసిన ఎన్‌కేఐ (కాంటాక్ట్ వాద్యం ఫైలు) పాతదాంట్లో తెరుచుకోదు. కాంటాక్ట్ పాత ఇన్‌స్టాలర్ కూడా దాచాలి, అదీ ఏ వెర్షనో రాసిపెట్టి.

మన సముద్రపు గాలికి డీవీడీలు బూజు పడతాయి. ముందు వాటినే ఐఎస్ఓలుగా (డిస్కు మొత్తానికి ఒకే ఫైలు నకలుగా) తీసేయండి. గీతలు పడ్డవాటికి డీడీరెస్క్యూ అనే సాఫ్ట్‌వేర్ వాడండి, చదవలేని చోట్లకు మళ్లీ మళ్లీ వెళ్లి ప్రయత్నిస్తుంది. రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టి, ఒకటి వేరే ఇంట్లో గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి ఉంచండి. ప్రతి ఫోల్డరుకూ షా-256 చెక్‌సమ్ (ఫైలు మారితే పట్టిచ్చే వేలిముద్ర లాంటి కోడ్) జాబితా చేసి, ఆరు నెలలకోసారి సరిచూడండి. డిస్కును ఫ్యాట్32గా ఫార్మాట్ చేయకండి, 4 జీబీ దాటిన ఫైలు అందులో పట్టదు.