బల్ల చుట్టూ ఉన్నవాళ్ళేరీ?

చిరంజీవికి,

ఆశీస్సులు. అమెరికాలో లాస్ ఏంజెలెస్ పక్కనున్న గ్లెండేల్‌లో ఆర్మీనియన్ల రెస్టారెంటుకు స్నేహితులతో వెళ్ళినప్పటి సంగతులు రాసి పంపావు. చదివాను. మొహమాటం లేకుండా చెప్పమన్నావు గనుక చెబుతున్నాను. వంటకాలన్నీ వచ్చాయి, మనుషులు రాలేదు. నలుగురు స్నేహితులనూ మొదటి పేరాలో పరిచయం చేసి అక్కడే వదిలేశావు. ఇక లూలే కబాబ్ "నోట్లో వెన్నలా కరిగిపోయింది" అన్నావు. అది వెన్నలా కరగదు. ఇనుప చువ్వకు పట్టించి నిప్పుల మీద కాల్చిన ఖీమా అది. పైన మాడిన చారలుంటాయి, లోపల రసం ఊరుతుంది, పంటికి తగులుతుంది. తిన్నది గుర్తు తెచ్చుకుని రాయి, ఎక్కడో చదివిన మాట తెచ్చి అతికించకు.

ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. కబాబ్‌ల కింద పరిచిన లవాష్ ముక్క కోసం ఇద్దరు ఒకేసారి చేయి చాచారన్నావు. కాగితమంత పలచని రొట్టె అది. మాంసం నుంచి కారిన కొవ్వునూ టమాటా రసాన్నీ పీల్చుకుని పళ్ళెం అడుగున మెత్తబడి ఉంటుంది. రుచి తెలిసినవాళ్ళు దాని కోసమే కాచుకుని కూర్చుంటారు. చేయి వెనక్కి తీసుకున్నది ఎవరు? తీసుకున్నాక నవ్వారా, మొహం ముడుచుకున్నారా? అది చెప్పకుండా, 2014లో యునెస్కో లవాష్‌ను వారసత్వ జాబితాలో చేర్చిందని అందుకున్నావు. నిజమే, కానీ ఆ రెండు చేతుల మధ్య యునెస్కోకు చోటు లేదు. దానికంటే, ఆడవాళ్ళు కలిసి కూర్చుని పిండి పలచగా సాగదీసి, తోనిర్ అనే మట్టిపొయ్యి లోపలి గోడకు చరిచి కాలుస్తారనీ, ఎండిన రొట్టెలను నెలల తరబడి దాచుకుని తినేముందు నీళ్ళు చిలకరిస్తారనీ రాసిన భాగం ఉంచు. అందులో పని కనబడుతోంది.

చరిత్ర వద్దనడం లేదు. అది మెనూ కార్డులోనే ఉంది, చదవడం రావాలి. గ్లెండేల్ ఆర్మీనియన్లందరూ ఒకే దారిన రాలేదు. 1915లో ఒట్టోమన్ తుర్కుల ఏలుబడిలో జరిగిన మారణహోమం నుంచి ప్రాణాలు దక్కించుకున్నవారిలో చాలామంది సిరియాలోని అలెప్పో, లెబనాన్‌లోని బేరూత్‌లలో తలదాచుకున్నారు. 1975లో లెబనాన్‌లో అంతర్యుద్ధం మొదలయ్యాక వాళ్ళ వారసులు మళ్ళీ మూటలు సర్దుకున్నారు. 1979 విప్లవం తర్వాత ఇరాన్ నుంచి కొందరు, సోవియట్ రాజ్యం కూలే రోజుల్లోనూ ఆ తర్వాతా ఆర్మీనియా రాజధాని ఎరెవాన్ వైపు నుంచి మరికొందరు వచ్చారు. ఎర్ర మిరపపండ్లు, అక్రోట్లు కలిపి నూరిన ముహమ్మరా ముందుగా కనిపిస్తే ఆ కుటుంబం అలెప్పో, బేరూత్‌ల మీదుగా వచ్చి ఉండవచ్చు. కబాబ్ పక్కన కుంకుమపువ్వు అన్నం, కాల్చిన టమాటా ఉంటే ఇరాన్ గుర్తుకు రావాలి. నిప్పుల మీద కాల్చిన పందిమాంసం, అదే ఖొరొవత్స్, దానికి పెద్దపీట వేస్తే ఎరెవాన్. ఇవన్నీ ఊహలే. మూడూ ఒకే కార్డులో ఉండటమూ మామూలే. అందుకే వడ్డించే మనిషిని అడగాలి. నువ్వు అడగకుండా ఫోనులో వెతుక్కున్నావని రెండో పేజీ చదివితే తెలిసిపోతోంది.

హరీసా చూసి "అచ్చం మన హలీమే" అన్నావు. బంధుత్వం లేదనను. హైదరాబాదు బార్కాస్‌లో వండే హరీస్ కూడా ఆ కుటుంబంలోదే. కానీ "అచ్చం" అనగానే నువ్వు చూడటం మానేశావు. హలీంలో మసాలాలు, నెయ్యి, వేయించిన ఉల్లిపాయలు, నిమ్మరసం. హరీసాలో గోధుమలు, మాంసం, ఉప్పు, పైన కాస్త వెన్న. 1915లో ముసా దాగ్ కొండెక్కి ఒట్టోమన్ సైన్యాన్ని ఎదిరించి, చివరికి ఫ్రెంచి ఓడల్లో బయటపడిన ఊళ్ళవాళ్ళ వారసులు ఏటా సెప్టెంబరులో రాత్రంతా గుండిగల్లో దాన్నే వండి అందరికీ పంచుతారు. అలాంటిదాని మీదికి మీలో ఒకరు కారప్పొడి అడిగారట! సిగ్గుపడి ఆ వాక్యం కొట్టేశావు గానీ గీత కింద చదవగలిగాను. గీత తీసెయ్. నీ వ్యాసంలో నన్ను నవ్వించింది అదొక్కటే.

మీలో శాకాహారి ఒకామె ఉంది కదా, ఆమె ఏం తిన్నదో ఒక్క ముక్క లేదు. ఆర్మీనియన్ చర్చి ఉపవాస దినాల్లో మాంసం, పాలు, గుడ్లు ముట్టరు గనుక వాళ్ళ వంటింట్లో పప్పుకూ గోధుమరవ్వకూ లోటు లేదు. మసూర్ పప్పు, రవ్వ కలిపి పిడికిట ఒత్తిన ముద్దలున్నాయి. బియ్యం నింపి ఆలివ్ నూనెతో వండి చల్లగా పెట్టే ద్రాక్షాకు చుట్టలున్నాయి. ఆమె ఇవి అడిగి తెప్పించుకున్నదా, లేక ఉప్పువేసిన మజ్జిగే అయిన తాన్‌తో రొట్టె సరిపెట్టుకుని ఇంటికెళ్ళి పెరుగన్నం కలుపుకున్నదా? ఆ తర్వాత బిల్లు ఐదుగురికీ సమానంగా పంచారా? పరదేశంలో మనవాళ్ళ స్నేహాలు అక్కడే బయటపడతాయి. నువ్వేమో కాఫీ దగ్గరే ముగించేశావు.

ఒక సంగతి చెబుతాను, వాడుకోవద్దు. ఆర్మీనియన్ భాషలో మొట్టమొదటి పత్రిక 'అజ్దరార్' 1794లో మన మద్రాసులోనే అచ్చయింది. ఇది వినగానే నీ చేయి దురద పెడుతుందని తెలుసు. అది వేరే వ్యాసం.

ఈసారి పళ్ళేల వరుస వదిలేసి, బిల్లు వచ్చిన చోట మొదలుపెట్టి చూడు. ముందు ఆ స్నేహితురాలికి ఫోను చేసి ఆ రాత్రి కడుపు నిండిందో లేదో అడుగు. రాయవద్దంటే ఆ భాగం మానెయ్. నెలాఖరులోగా పంపు, నాలుగు పేజీలు దాటనివ్వకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు