షికాగో దగ్గరి నేపర్‌విల్‌లో ఇల్లు తీసుకుంటే పిల్లలు తప్పకుండా నేపర్‌విల్ 203 అనే స్కూల్ డిస్ట్రిక్ట్ స్కూళ్లకే వెళ్తారా?

అలా ఏం లేదు, మీ ఇల్లు ఏ స్కూల్ డిస్ట్రిక్ట్ హద్దులో ఉంటే ఆ స్కూళ్లకే వెళ్తారు. స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే ఒక ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్లను నడిపే సంస్థ. ఇల్లినాయ్‌లో అది మున్సిపాలిటీ కింది శాఖ కాదు. ఎన్నికైన బోర్డు, ప్రాపర్టీ ట్యాక్సులో వాటా, సరిహద్దు అన్నీ దానికి విడిగా ఉంటాయి. ఈ నేపర్‌విల్‌లోనే కొన్ని కాలనీలు 203లోకి, మరికొన్ని ఇండియన్ ప్రెయిరీ 204లోకి వస్తాయి. ఆ 204 పక్కనున్న అరోరాలోకీ విస్తరించింది. మెటియా వ్యాలీ, వాబోన్సీ వ్యాలీ హైస్కూళ్లు ఉన్నది అసలు అరోరాలోనే! అడ్రస్‌లో అరోరా అని కనబడగానే "204 దొరకదు" అనుకుని మంచి ఇల్లు వదులుకోవడం మనవాళ్లు చేసే పొరపాటు. అడ్వాన్సు ఇచ్చే ముందు డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో ఇంటి నంబరుతో సహా వెతకండి, జిప్ కోడ్‌తో తేలదు.