ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ అయినా రైటర్‌లో నీలం గీత రాకపోతే

లిబ్రేఆఫీస్ రైటర్ కోసం పైథాన్‌లో గ్రామర్ చెకర్ ఎక్స్‌టెన్షన్ రాశారు, కానీ తప్పుల కింద రావాల్సిన నీలం గీత రావడం లేదనుకుందాం. అది ఎర్రర్ లేకుండా ఇన్‌స్టాల్ అయి, డూప్రూఫ్‌రీడింగ్‌లో (వాక్యాలను తనిఖీ చేయడానికి లిబ్రేఆఫీస్ పిలిచే ఫంక్షన్) మీరు పెట్టిన ప్రింట్ కూడా కనిపించడం లేదంటే తప్పు మీ రూల్స్‌లో లేదు. లిబ్రేఆఫీస్ మీ చెకర్‌ను అసలు పిలవడమే లేదు. చాలావరకు కారణం లింగ్విస్టిక్ ఎక్స్‌సీయూ (Linguistic.xcu) ఫైలే; మీ చెకర్ పేరు, భాషలు లిబ్రేఆఫీస్‌కు చెప్పే సెట్టింగ్స్ ఫైల్ అది.

1. అందులో గ్రామర్‌చెకర్స్ కింద ఉన్న నోడ్ పేరు, పైథాన్ కోడ్‌లో రిజిస్టర్ చేసిన ఇంప్లిమెంటేషన్ పేరు అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా ఉన్నా పనిచేయదు.

2. లొకేల్స్ (చెకర్ పనిచేసే భాష, దేశం జంటలు) విలువలో భాష కోడ్‌కీ దేశం కోడ్‌కీ మధ్య హైఫన్ ఉండాలి, అండర్‌స్కోర్ కాదు. రెండు మూడు లొకేల్స్ ఉంటే మధ్యలో ఖాళీ చాలు, కామా వద్దు.

3. ఎక్కువమంది వదిలేసేది ఇదే: మీరు టెస్ట్ చేస్తున్న టెక్స్ట్ భాష. ఎక్స్‌సీయూలో అమెరికన్ ఇంగ్లీష్ మాత్రమే రాసి, డాక్యుమెంట్ బ్రిటిష్ ఇంగ్లీష్‌లో ఉంటే చెకర్‌కు ఆ వాక్యం చేరదు. పేరాలో కర్సర్ పెట్టి కింద స్టేటస్ బార్‌లో ఏ భాష చూపిస్తోందో చూడండి. వేరే చోటి నుంచి పేస్ట్ చేసిన టెక్స్ట్ తన పాత భాషను వెంట తెచ్చుకుంటుంది, కాబట్టి కొత్త డాక్యుమెంట్‌లో చేత్తో టైప్ చేసి చూడండి.

4. ఆప్షన్స్‌లో రైటింగ్ ఎయిడ్స్ తెరిచి, మీ మాడ్యూల్‌కూ, టైప్ చేస్తుండగా గ్రామర్ చూసే ఆప్షన్‌కూ టిక్ పెట్టండి.

ఎక్స్‌సీయూ మార్చిన ప్రతిసారీ పాత ఎక్స్‌టెన్షన్ తీసేసి, కొత్తది ఇన్‌స్టాల్ చేసి, లిబ్రేఆఫీస్‌ను పూర్తిగా మూసి తెరవండి. క్విక్‌స్టార్టర్ (లిబ్రేఆఫీస్‌ను వెనకాల నడుపుతూ ఉంచేది) నడుస్తుంటే దాన్నీ ఆపండి.

గీత వచ్చాక ఎమోజీ ఉన్న వాక్యాల్లో అది పక్కకు జరిగితే కంగారు పడకండి. స్థానాలను రైటర్ యూటీఎఫ్-16 అనే ఎన్‌కోడింగ్ లెక్కలో చూస్తుంది, అందులో మామూలు ఎమోజీ ఎక్కువగా రెండుగా లెక్కకు వస్తుంది; పైథాన్ దాన్ని ఒకటిగానే లెక్కపెడుతుంది. ఎర్రర్ ఎక్కడ మొదలవుతుందో, దాని పొడవెంతో రైటర్‌కు పంపేముందు ఆ తేడా కలపండి.