నిద్ర నాణ్యత స్కోరుకూ జ్ఞాపకశక్తి మార్కులకూ సంబంధం కనబడకపోతే

మీ డిగ్రీ విద్యార్థుల పిట్స్‌బర్గ్ నిద్ర నాణ్యతా సూచిక (నిద్ర ఎలా ఉందో వారినే అడిగే ప్రశ్నావళి) స్కోర్లకూ, పదాలను గుర్తుపెట్టుకునే పరీక్షలో వారి మార్కులకూ ఏ సంబంధమూ రాలేదన్నారు. మొదట అనుమానించవలసినది ఆ సూచికలో ఒక భాగమైన నిద్ర సామర్థ్యం లెక్కను.

1. నిద్రపోయిన గంటలను మంచం మీద గడిపిన గంటలతో భాగించి 100తో గుణించాలి. 85 శాతం దాటితే ఈ భాగానికి స్కోరు 0, 75–84కు 1, 65–74కు 2, అంతకన్నా తగ్గితే 3.

2. చాలామంది గమనించనిది అర్ధరాత్రి దాటే చోటు. రాత్రి 11కు పడుకొని ఉదయం 7కు లేచి, 6 గంటలు నిద్రపోయానన్న విద్యార్థికి మంచం మీద గడిచినవి 8 గంటలు, అంటే 75 శాతం, స్కోరు 1. ఎక్సెల్‌లో లేచిన 7 నుంచి పడుకున్న 23 నేరుగా తీసివేస్తే −16 గంటలు వచ్చి, −37.5 శాతంతో అతనికి 3 పడుతుంది. అర్ధరాత్రి తరువాత పడుకున్నవారి లెక్క మాత్రం సరిగానే ఉంటుంది కనుక, పెందలాడే పడుకునేవారే నిద్ర చాలనివారిగా తేలతారు. లేచిన సమయం నుంచి పడుకున్న సమయం తీసివేసి, రుణసంఖ్య వస్తే 24 కలపండి.

3. అన్ని భాగాలూ కలిపిన మొత్తం 21లో స్కోరు పెరిగేకొద్దీ నిద్ర చెడ్డదని అర్థం. కాబట్టి మీరు ఆశించవలసినది రుణాత్మక సహసంబంధం, అంటే స్కోరు పెరిగితే మార్కులు తగ్గడం. గదిలో తోడున్నవారి గురించిన చివరి ప్రశ్నలను కలపకూడదు.

4. అప్పటికీ సంబంధం బలహీనంగానే ఉంటే నాకైతే ఆశ్చర్యం లేదు: ప్రశ్నావళి గత నెల నిద్రను అడుగుతుంది, పరీక్ష ఆ ఒక్క రోజు పనితీరును కొలుస్తుంది. పైగా దిగులు, ఆందోళన ఉన్నవారు తమ నిద్రను మరింత చెడ్డదిగా చెప్పుకునే అవకాశం ఉంది. ఆ వివరాలు సేకరించి ఉంటే విశ్లేషణలో చేర్చండి.