రాత్రిళ్లు వాళ్ల పని మీరు దిద్దడం ఆపండి

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో టీమ్ లీడ్ అయి 3 నెలలైందని, 8 మంది పనినీ రాత్రి 11 దాకా మీరే దిద్దుతున్నా మీటింగుల్లో ఎవరూ నోరు మెదపడం లేదని రాశారు. నాకూ మొదటి ఏడాది అలాగే గడిచిందండీ. రాత్రి మీరు దిద్దేసిన తప్పు పొద్దున వాళ్లకు కనబడదు, ఇక నేర్చుకునేదెక్కడ?

మన బెంగళూరు ఐటీ కంపెనీ మైండ్‌ట్రీ వ్యవస్థాపకుల్లో ఒకరైన సుబ్రతో బాగ్చీ 2008లో కంపెనీ రోజువారీ నిర్వహణ చూసే సీఓఓ బాధ్యత వదిలి ‘గార్డెనర్’ (తోటమాలి) అయ్యారు. పైస్థాయిలోని 100 మందితో విడివిడిగా కూర్చుని వాళ్లను పెంచడమే ఆ పని. మీకున్నది 8 మందే.

ల్యాప్‌టాప్ మూసేసి వారానికి ఒక్కొక్కరికి అరగంట ఇవ్వండి. ‘ఎక్కడ ఆగింది?’ అని అడిగి, వాళ్లు చెప్పేదాకా ఊరుకోండి. ఆ మౌనం భరించడమే అన్నిటికన్నా కష్టం. వయసులో మీకంటే పెద్దవాళ్లు ఇద్దరున్నారన్నారుగా, వాళ్లతోనే మొదలుపెట్టండి. గడువు మరీ దగ్గరపడితేనే పని ముట్టుకోండి, అదీ వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని.