ప్లస్ గుర్తు కనిపించగానే ఫోన్ చెయ్యి

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "అన్నయ్యా, నువ్వెప్పుడో నాకిచ్చేసిన చేతి కంప్యూటర్ లేదూ, దాన్ని పాత సామాన్లలోంచి తీసింది నీ కూతురు. వైఫై కార్డు పెట్టి ఇంటర్నెట్ ఎక్కిస్తుందట" అని ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. నీ ఈడు పిల్లలెవరూ అలాంటి వస్తువు వైపు కన్నెత్తి చూడరు. నువ్వు దాన్ని బతికిస్తానంటున్నావంటే గర్వంగానే ఉంది. కానీ నువ్వు ఏ పనైనా సగం చదివి మొదలుపెడతావు. నాకెలా తెలుసంటావా, నేనూ అంతే. అందుకే ఈ ఉత్తరం. చివరిదాకా చదివాకే దాన్ని ముట్టుకో.

ముందు బ్యాటరీ సంగతి. ఇరవై ఏళ్లు దాటిన లిథియం బ్యాటరీ అది. వెనక భాగం ఏ కాస్త ఉబ్బినా, బల్ల మీద పెడితే సమంగా ఆనకుండా ఊగినా చార్జింగ్ పెట్టకు, పక్కన పెట్టి నాకు చెప్పు. బాగానే ఉంటే నువ్వు ఎదురుగా కూర్చుని ఉన్నప్పుడే పెట్టు. పెట్టేసి స్నానానికి వెళ్లడం, నిద్రపోవడం వద్దు. పరుపు మీద అసలే వద్దు. మధ్యమధ్య చెయ్యి వేసి చూడు. గోరువెచ్చగా ఉంటే పర్లేదు, చురుక్కుమంటే వెంటనే తీసెయ్యి. పెదనాన్నకి చాదస్తం అనుకుంటావేమో, అనుకో.

నువ్వేదో ఎస్‌డీ సైజు వైఫై కార్డు కొనబోతున్నావని మీ నాన్న అన్నాడు. ఆగు, అది అందులో పట్టదు. అందులో ఉన్నది కాంపాక్ట్ ఫ్లాష్ స్లాట్, సీఎఫ్ అనేవాళ్లం. అసలు ఎస్‌డీ స్లాట్ ఉన్న వాటిలోనైనా అన్నిటికీ ఆ కార్డు పనిచేసేది కాదు. స్లాట్ 'ఎస్‌డీఐఓ' రకం అయితేనే వైఫై కార్డుతో మాట్లాడుతుంది, లేకపోతే మెమరీ కార్డులు మాత్రమే చదువుతుంది. చూడ్డానికి రెండు స్లాట్లూ ఒకేలా ఉంటాయి. అప్పట్లో ఎంతమంది కొనుక్కొచ్చి నెత్తి కొట్టుకున్నారో. సీఎఫ్‌లోనూ రెండు మందాలున్నాయి. టైప్ వన్ 3.3 మిల్లీమీటర్లు, టైప్ టూ 5 మిల్లీమీటర్లు. నీ చేతిలో ఉన్నదానిది టైప్ టూ స్లాట్, రెండూ పడతాయి. ఏదీ కొనొద్దు. నేను వాడిన కార్డు నా సొరుగులోనే ఉంది, ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను.

కార్డు పెట్టేటప్పుడు బలం వాడకు. లోపల 50 సన్నటి పిన్నులుంటాయి, కార్డుకేమో చిల్లులుంటాయి. వంకరగా నెడితే వంగేది కార్డు కాదు, లోపలి పిన్ను. అది వంగితే మనం చేయగలిగిందేమీ లేదు. టార్చ్ వేసి లోపలికి చూసి, దుమ్ము ఉంటే ఊది, నిటారుగా జార్చు. చివర కొద్దిగా బిగువు తగులుతుంది, అక్కడ మాత్రం కాస్త నొక్కాలి. కార్డు చివర నల్లటి ముక్క బయటికే ఉంటుంది. అది యాంటెన్నా, పూర్తిగా దిగలేదేమో అని దాన్ని కొట్టకు.

డ్రైవర్ (అంటే కార్డును నడిపే ప్రోగ్రామ్) ముందు, కార్డు తర్వాత. డ్రైవర్ లేకుండా కార్డు పెడితే డ్రైవర్ పేరేమిటని అడుగుతూ ఒక పెట్టె వస్తుంది, దానికి నువ్వేం చెప్పినా లాభం లేదు. పాత విండోస్ ఎక్స్‌పీ లాప్‌టాప్ ఎవరి దగ్గరైనా దొరికితే, దాన్నీ దీన్నీ కలిపే యాక్టివ్‌సింక్ ప్రోగ్రామ్‌తో ఎక్కించడం తేలిక. లేకపోతే డ్రైవర్‌ని ఎక్కించే ఫైలు, క్యాబ్ ఫైలంటారు, దాన్ని సీఎఫ్ మెమరీ కార్డులో వేసి, ఆ కార్డు స్లాట్‌లో పెట్టి, ఫైలు మీద పుల్లతో (తెర మీద తట్టే స్టైలస్‌తో) తడితే చాలు. ఆ డ్రైవర్ నీ చేతిలో ఉన్నదాన్ని నడిపే పాకెట్ పీసీ 2002 సాఫ్ట్‌వేర్‌కి, అందులోని ఆర్మ్ ప్రాసెసర్‌కి సరిపోయేదై ఉండాలి. సరైనది కూడా పెట్టెలో సీడీ మీద పంపుతున్నాను. ఒక్కటి గుర్తుంచుకో. ఎక్కడ ఎక్కించాలని అడిగితే 'స్టోరేజ్ కార్డ్' అనకు, మెయిన్ మెమరీ అను. ఎందుకో ఆలోచించావా? ఉన్నది ఒకటే స్లాట్. వైఫై కార్డు పెట్టాలంటే మెమరీ కార్డు తీయాలి. డ్రైవర్ దాని మీద ఉంటే అదీ బయటికొచ్చేస్తుంది.

ఒకటే స్లాట్ అన్నానా, అసలు నాకు నిద్ర పట్టనిది అక్కడే.

2003లో ఒక కాలువ పని మీద లెవెల్స్ తీస్తున్నాను, అంటే నేల ఎత్తుపల్లాలు కొలుస్తున్నాను. స్టాఫ్ (కొలత గీతలున్న పొడవాటి కర్ర) పట్టుకోవడానికి నాతో ఒక పెద్దాయన ఉండేవాడు, నాకంటే పదేళ్లు పెద్ద. గట్టు వెంట ముప్పై మీటర్లకోసారి ఆయన స్టాఫ్ నిలబెట్టేవాడు, నేను లెవెల్ అనే దుర్భిణి పరికరం లోంచి చూసి 1.435, 1.620 అని చదువుకుని రాసుకునేవాణ్ణి. అందరూ ఫీల్డ్ బుక్‌లో పెన్సిల్‌తో రాస్తారు. నాకేమో చేతి కంప్యూటర్ ఉంది కదా, పాకెట్ ఎక్సెల్ ఉంది కదా, బ్యాక్ సైట్, ఫోర్ సైట్ అనే వెనక, ముందు రీడింగులు కొడితే నేల ఎత్తు అదే లెక్క కట్టేస్తుంది కదా. పుస్తకం పక్కన పడేశాను. మొదటి రోజే ఆ పెద్దాయన, "సార్, పుస్తకంలో కూడా ఓ ముక్క వేసుకుందామా?" అని అడిగాడు. "కాగితం తడుస్తుంది, ఇది తడవదు" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

మొదట్లో జాగ్రత్తగానే ఉండేవాణ్ణి. స్లాట్‌లో ఎప్పుడూ మెమరీ కార్డు ఉండేది, సాయంత్రం కాగానే ఆ రోజు షీటు దానిలోకి కాపీ చేసేవాణ్ణి. ఈలోగా సైట్ ఆఫీసులో వైర్‌లెస్ పెట్టారు. నేను ఈ కార్డు సంపాదించాను. చేతిలో ఇంత పలకలాంటి దానిమీద, తీగ లేకుండా మెయిల్ రావడం ఆ రోజుల్లో ఎంత వింతో నీకు చెప్పినా అర్థం కాదు. మెమరీ కార్డు జేబులోకి వెళ్లింది, వైఫై కార్డు స్లాట్‌లోకి వచ్చింది. కాపీ చేయాలంటే ఇది తీసి అది పెట్టాలి, మళ్లీ అది తీసి ఇది పెట్టాలి. రేపు చేద్దాంలే అనుకున్నాను. అలా తొమ్మిది రేపులు గడిచాయి.

ఆ కాలపు పాకెట్ పీసీల్లో నువ్వు రాసిందంతా ర్యామ్‌లో ఉంటుంది. ఆఫ్ చేసినా లోపల సన్నగా కరెంటు పారుతూనే ఉండాలి, ఆ కరెంటే దాని జ్ఞాపకం. బ్యాటరీ పూర్తిగా అయిపోతే రాసిందంతా పోతుంది. బ్యాటరీ పోయినా సమాచారం నిలవడం 2005లో విండోస్ మొబైల్ 5.0తో వచ్చింది. ఇదంతా నాకు తెలుసు, పుస్తకంలో చదివాను. తెలిసి కూడా చేశాను, అదీ నా బాధ.

శనివారం రాత్రి ఒక పెద్ద ఫైలు దింపుతున్నాను. మూడు నిమిషాలు ముట్టుకోకపోతే అది తనంతట తను ఆగిపోయేది, లైను తెగేది. విసుగొచ్చి ఆ సెట్టింగ్ తీసేశాను. చార్జర్ ఆఫీసులో ఉండిపోయింది. ఆ కార్డు గాలిలోకి సంకేతాలు పంపేటప్పుడు వందల మిల్లీఆంపియర్లు లాగుతుంది, బ్యాటరీ చూస్తే మొత్తం వెయ్యి మిల్లీఆంపియర్-గంటల చుట్టూ. దింపుతుండగానే నిద్రపోయాను. పొద్దున చూస్తే తెర నల్లగా ఉంది. ఆఫ్ అయిందనుకుని, కార్డు కూడా తీయకుండా సంచిలో వేసుకున్నాను. అలా ఆగిపోయాక కూడా ర్యామ్‌ను కొన్నాళ్లు నిలబెట్టడానికి అది కొంచెం చార్జి దాచుకుంటుంది, అప్పుడు చార్జర్ తగిలించినా బతికేదే. ఆదివారం సెలవు. సోమవారం ప్రయాణం. మంగళవారం గట్టు మీద నిలబడి, చార్జర్ పెట్టి బటన్ నొక్కాను.

తెల్లటి తెర, మధ్యలో ఒక ప్లస్ గుర్తు. "గుర్తు మధ్యలో పుల్లతో తట్టండి" అని అడుగుతోంది. కొత్తగా కొన్న రోజు అడిగినట్టే. నా పేరు, ఆ తొమ్మిది రోజుల లెవెల్స్, ఏమీ తెలియనట్టు చూస్తోంది. నేను మూర్ఖుడిలా తట్టాను. గుర్తు మూలకు జరిగింది. మళ్లీ తట్టాను. అయిదుసార్లు తట్టాను, అన్నీ అయ్యాక ఏదో తిరిగొస్తుందన్నట్టు.

పెద్దాయన స్టాఫ్ భుజాన వేసుకుని దగ్గరికొచ్చి తెర చూశాడు, తర్వాత నా మొహం చూశాడు. ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున మళ్లీ ఆ తొమ్మిది రోజుల పని మొదలుపెట్టిన బెంచ్ మార్క్ (ఎత్తు ముందే తెలిసిన గుర్తు) దగ్గరికి నడిచాం. చొక్కా జేబులోంచి ఒక చిన్న నోట్‌బుక్, పెన్సిల్ ముక్క తీసి, "రీడింగ్ పైకి చదవండి సార్, నేనూ రాస్తాను" అన్నాడు. ఒక చేత్తో స్టాఫ్, ఒక చేత్తో పుస్తకం కుదరక, స్టాఫ్ గడ్డం కింద ఆనించుకుని, గుండ్రటి అంకెలతో రాసేవాడు. అంత ఎండలో అదే దారి మళ్లీ నడిపించినందుకు ఆయన ఒక్క మాట అన్నా నాకు తేలికయ్యేది. ఆ పనయ్యాక ఈ కంప్యూటర్ని చూడబుద్ధి కాలేదు, మీ నాన్నకిచ్చేశాను. ఆ నోట్‌బుక్ మాత్రం నా దగ్గరే ఉంది.

అందుకని చెబుతున్నా, విను. అందులో ఏమన్నా రాస్తే ఆ పూటే మెమరీ కార్డులోకి కాపీ. ఆటోమేటిక్‌గా ఆగే సెట్టింగ్ జోలికి పోకు. పడుకునే ముందు వైఫై కార్డు బయటికి తీసెయ్యి. తీసేముందు వైర్‌లెస్ ఆపు, ఊరికే లాగెయ్యకు. డ్రైవర్ కూడా ర్యామ్‌లోనే ఉంటుంది కాబట్టి బ్యాటరీ పోతే దాన్నీ మళ్లీ ఎక్కించాలి, సీడీ పారేయకు.

కనెక్ట్ చేసేటప్పుడు 'నా నెట్‌వర్క్ కార్డు దేనికి కలుస్తుంది' అని అడుగుతుంది, ఇంటర్నెట్, వర్క్ అని రెండు. ఇంటర్నెట్ పెట్టు. వర్క్ పెడితే సిగ్నల్ నిండా ఉంటుంది, పేజీ మాత్రం రాదు. నేను రెండు రోజులు కార్డుని తిట్టాను. ఐపీ అడ్రస్ దానంతటదే తీసుకోనివ్వు.

ఇప్పుడు మీ ఇంటి రౌటర్. ఈ కార్డు 802.11బి రకం, 1999 నాటి పద్ధతి. 2.4 గిగాహెర్ట్జ్ తప్ప తెలియదు, 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ దానికి కనిపించదు. పేరుకి సెకనుకి 11 మెగాబిట్లు, చేతికొచ్చేది అందులో సగం కూడా ఉండదు. దానికి తెలిసిన తాళం వెప్ అనే పాత వైఫై రక్షణ పద్ధతి ఒక్కటే, ఆ తాళం తీయడం ఎలాగో 2001లోనే బయటపెట్టేశారు. దానికోసం ఇంటి వైఫైని వెప్‌కి మార్చావో, ఊరుకోను. ఈ ఆటబొమ్మ కోసం ఇంట్లో అందరి ఫోన్లకీ తలుపు తీసిపెడతావా? పాత యాక్సెస్ పాయింట్ (వైఫై పంచే పెట్టె) ఒకటి దొరికితే, రౌటర్లో గెస్ట్ నెట్‌వర్క్‌గా విడిగా పెట్టి, ఆడుకున్నంతసేపు ఉంచి, అయ్యాక ప్లగ్ తీసెయ్యి. వెప్ కీ 26 అంకెలు, అక్షరాలు. సున్నా నుంచి తొమ్మిది, ఏ నుంచి ఎఫ్ మాత్రమే. అందులో 'ఓ' ఉండదు, గుండ్రంగా కనిపించేదంతా సున్నానే. మాటలతో పాస్‌వర్డ్ పెట్టి కీ తయారుచేయించకు, ఒక్కో కంపెనీది ఒక్కోలా తయారవుతుంది.

ఇంత చేసినా ఇప్పటి సైట్లు చాలావరకు తెరుచుకోవు. నేటి భద్రతా పద్ధతులు ఆ బ్రౌజర్‌కి రావు. నీ తప్పనుకోకు. హెచ్‌టీటీపీతో మొదలయ్యే సాదా పాఠం పేజీలు ఇంకా కొన్ని ఉన్నాయి, వాటిని పెట్టి చూడు. ఏ పాస్‌వర్డూ అందులో కొట్టకు, నా మీద ఒట్టు.

నీకు వచ్చే మొదటి పేజీ ఏమిటో చూడాలని నాకూ ఉంది. కానీ అంతకంటే ముందు, ఇన్నేళ్లు చార్జి లేకుండా పడి ఉంది కాబట్టి, ఆన్ చేయగానే నీకూ అదే తెల్లటి తెర, అదే ప్లస్ గుర్తు వస్తుంది. తట్టకు. ముందు నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా పర్లేదు. నేను లైన్లో ఉండగా తట్టు.

నీ పెదనాన్న