ఆ వాక్యానికి కర్త ఎవరు?

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మాయీ, అమెరికా మీద నువ్వు రాసి పంపిన పద్దెనిమిది పేజీల వ్యాసం పోయిన మంగళవారం అందింది. చదివాను. 'సామ్రాజ్యవాదం' అన్న మాట నలభై ఒక్కసార్లు వచ్చింది. ఎర్ర సిరాతో గుండ్రాలు చుట్టి మరీ లెక్కపెట్టాను. ముప్పై మూడేళ్లు పిల్లలకు తెలుగు చెప్పినవాడికి ఈ జబ్బు పోదు. నీ వాక్యాల్లో ఊపు ఉంది. ఆ సంగతి ఇక మళ్లీ ఎత్తను.

ఈ జవాబు రాయడానికి కారణం ఆ నలభై ఒక్కటీ కాదు, పదకొండో పేజీలో నువ్వు పెన్నుతో అడ్డంగా కొట్టేసిన పేరా. కాగితాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి చదివాను. మీ అన్నయ్యకు అమెరికా వీసా రావాలని మీ అమ్మగారు చిలుకూరు బాలాజీ గుడిలో పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకోవడం, వీసా రావడం, నూటఎనిమిది తీర్చుకుని ఇంటికి వచ్చిన రాత్రే నువ్వు ఈ వ్యాసం మొదలుపెట్టడం. పద్దెనిమిది పేజీల్లో నేను నమ్మిన పేరా అదొక్కటే. దాన్నే కొట్టేశావు! సిగ్గుపడ్డావని నా అనుమానం.

సరే, నా పాత పాట పాడతాను, విను. వాక్యానికి కర్త, కర్మ, క్రియ ఉండాలి. ఐదో తరగతి పాఠమే. నీ వ్యాసంలో ఎక్కడ చూసినా కర్త 'అమెరికా'. అమెరికా కుట్ర పన్నింది, అమెరికా కూల్చింది, అమెరికా మింగింది. ఒక దేశం కుర్చీలో కూర్చుని ఫైలు మీద సంతకం పెట్టదమ్మా. సంతకం పెట్టేది ఒక మనిషి. ఆ మనిషికి పేరు ఉంటుంది, ఆ సంతకానికి తేదీ ఉంటుంది. అవి చెప్పకపోతే నువ్వు వాళ్లకు సాయం చేసినట్టే. 'ప్రజాస్వామ్యాన్ని పెంపొందించే ప్రక్రియ కొనసాగుతోంది' అని వాళ్ల ప్రకటనలు కర్తను దాచేస్తాయి. నువ్వు 'సామ్రాజ్యవాద కుట్ర కొనసాగుతోంది' అంటావు. రెండింటిలోనూ మనిషి లేడు.

నాలుగో పేజీలో ఇరాన్, గ్వాటెమాలా, చిలీ, వియత్నాం, ఇరాక్ అంటూ ఒకే వాక్యంలో పరుగెత్తావు, ప్యాసింజరు బండి ఆగే స్టేషన్ల పేర్లు చదివినట్టు. ఒక్క స్టేషనులో దిగి ఉంటే ఎంత బాగుండేది! గ్వాటెమాలానే తీసుకో. మధ్య అమెరికాలో చిన్న దేశం. 1952లో అక్కడి అధ్యక్షుడు అర్బెంజ్ ప్రభుత్వం భూసంస్కరణ చట్టం తెచ్చి, యునైటెడ్ ఫ్రూట్ అనే అమెరికా అరటిపండ్ల కంపెనీ బీడు పెట్టుకున్న భూములు తీసుకుంది. పరిహారం ఎంత? పన్ను కట్టేటప్పుడు కంపెనీ తన భూమికి తానే చూపించిన విలువ, సుమారు 6 లక్షల 27 వేల డాలర్లు. కంపెనీ తరఫున అమెరికా విదేశాంగ శాఖ అడిగింది కోటీ 58 లక్షలు. రిజిస్ట్రేషను ధర ఒకటి, బయటి ధర ఒకటి అన్న లెక్క తెలుగువాడికి విడమరచి చెప్పాలా? ఆనాటి విదేశాంగ మంత్రి జాన్ ఫాస్టర్ డల్లెస్, గూఢచారి సంస్థ సీఐఏకు అధిపతి అయిన ఆయన తమ్ముడు ఆలెన్ డల్లెస్, ఇద్దరూ అంతకుముందు ఆ కంపెనీకి పనిచేసిన న్యాయవాదుల సంస్థలో ఉన్నవాళ్లే. ఓట్లతో గెలిచిన అర్బెంజ్, ఆ సీఐఏ నడిపించిన తిరుగుబాటుతో 1954 జూన్ 27న గద్దె దిగాడు. ఇంత సామగ్రి ఉండగా నీకు 'రక్తపిపాసి డేగ' ఎందుకు?

డేగ అంటే గుర్తొచ్చింది. ఎనభైల్లో ఒక వారపత్రికకు వ్యాసం పంపాను. 1971 జులైలో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ సలహాదారు హెన్రీ కిసింజర్ పాకిస్తాన్‌లో ఉండగా కడుపునొప్పి వచ్చిందని, నథియాగలి కొండ మీద విశ్రాంతి తీసుకుంటున్నాడని లోకానికి చెప్పి, రహస్యంగా బీజింగ్ వెళ్లివచ్చాడు. ఆ దొంగ కడుపునొప్పి చుట్టూ నా వ్యాసమంతా అల్లాను. సంపాదకుడు కడుపునొప్పి తీసేశాడు. దాని స్థానంలో 'డాలరు డేగ రెక్కల నీడలో' అని తన సొంత వాక్యం పెట్టి, డేగ బొమ్మ వేయించి, నా పేరుతో అచ్చేశాడు. అడిగితే 'మన పాఠకుడికి ఆవేశం కావాలి మాస్టారూ' అన్నాడు. ఆ పత్రిక మూతపడింది. నేను పెద్దగా బాధపడలేదు.

1971 మీద నాకు పట్టు ఎందుకంటే, అప్పుడు మేం విశాఖపట్నంలో ఉండేవాళ్లం. నాకు పదకొండేళ్లు. నాన్న రేవులో గుమాస్తా. బళ్లో మధ్యాహ్నం అమెరికా నుంచి వచ్చిన పాలపొడి కలిపిన పాలు పోసేవారు. గ్లాసు అడుగున ఉండకట్టిన పొడిని వేలితో తీసుకుని తినేవాళ్లం. డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చి కిటికీ అద్దాలకు నల్లకాగితాలు అంటించారు. 3వ తేదీ అర్ధరాత్రి సముద్రం వైపు నుంచి పెద్ద చప్పుడు వచ్చి మా తలుపులు అదిరాయి. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయిందని తర్వాత తెలిసింది. రెండో వారం గడిచాక 'ఏడవ నౌకాదళం వస్తోంది' అన్నారు. అణుశక్తితో నడిచే ఎంటర్‌ప్రైజ్ నౌకను నిక్సన్ పాకిస్తాన్‌కు అండగా బంగాళాఖాతానికి పంపాడు. నేను అమ్మను అడిగాను: పాలు పంపినవాళ్లే ఓడ కూడా పంపుతున్నారా అని. అమ్మ దగ్గర జవాబు లేదు. నేను రాసినవన్నీ ఆ ప్రశ్న చుట్టూ తిరిగినవే.

ఇక నాకు కోపం తెప్పించిన వాక్యం. పద్నాలుగో పేజీ చివర 'ప్రజాస్వామ్యం అనేదే ఒక పాశ్చాత్య నాటకం' అని రాశావు. ఈ వాక్యాన్ని ఢాకా నగరంలో నిలబడి రాయగలవా? 1970 డిసెంబరులో పాకిస్తాన్ మొత్తానికీ వయోజన ఓటుతో సాధారణ ఎన్నికలు జరిగాయి. తూర్పు బెంగాల్‌లోని, అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌లోని, 162 సాధారణ స్థానాల్లో 160 అవామీ లీగ్ పార్టీ గెలిచింది. మొత్తం సభలో ఆధిక్యం అదే. పాకిస్తాన్ సైనిక పాలకుడు యాహ్యా ఖాన్ సభను సమావేశపరచలేదు. మార్చి 25 రాత్రి సైన్యాన్ని వదిలాడు. దాదాపు కోటి మంది సరిహద్దు దాటి మన దేశానికి వచ్చారు. వాళ్ల ఓటు నాటకమా? నిక్సన్ ప్రభుత్వం మీద ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు తెలియదు. ఓటు వేసినవాళ్లను వదిలేసి, ఓటును తొక్కినవాడి వెనక నిలబడింది. చైనాకు దారి అతని ఇంటి మీదుగా పోతోంది కాబట్టి. నువ్వు ప్రజాస్వామ్యమే బూటకమని కొట్టిపారేస్తే ఆ సాక్ష్యాన్ని నీ చేతులతోనే చించేసినట్టు.

ఢాకాలో అప్పుడు అమెరికా కాన్సల్ జనరల్‌గా ఉన్నాయన పేరు ఆర్చర్ బ్లడ్. ఇంటిపేరే రక్తం. కథలో పెడితే అతిగా ఉందని నేనే కొట్టేసేవాణ్ని. 1971 ఏప్రిల్ 6న ఆ కార్యాలయం నుంచి ఇరవై మంది సంతకాలతో వాషింగ్టన్‌కు టెలిగ్రాం వెళ్లింది. 'ప్రజాస్వామ్యాన్ని అణచివేస్తుంటే మన ప్రభుత్వం ఖండించలేదు' అని అందులో సూటిగా రాశారు. ఆ ఇరవై మందీ అమెరికన్లే. ఆ నెలాఖరున ఒక ఫైలు మీద నిక్సన్ తన చేత్తో రాసింది వేరు: ఇప్పుడు యాహ్యాను ఒత్తిడి చేయవద్దు అని. 'వద్దు' అన్న మాట కింద మూడు గీతలు. బ్లడ్‌ను ఢాకా నుంచి తప్పించారు. జులైలో బాల్టిమోర్ రేవుకు పాకిస్తాన్ ఓడ 'పద్మ' వస్తుంటే, దానికి ఆయుధాలు ఎక్కించకూడదని కొందరు చిన్న చిన్న తెడ్డు పడవల్లో వెళ్లి అడ్డం నిలిచారు. వాళ్లూ అమెరికన్లే. ఇప్పుడు చెప్పు, 'అమెరికా' అన్న కర్తతో నువ్వు రాసిన వాక్యంలో వీళ్లను ఎక్కడ కూర్చోబెడతావు?

ఇరాక్ మీద నీ మూడు పేజీల్లో రెండు తీసేయవచ్చు. 2003 ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ ఇరాక్ దాచిందని భద్రతా మండలిలో చెప్పిన ఆయుధాలు దొరకలేదు. అదే ఏడాది నవంబరుకల్లా అధ్యక్షుడు బుష్ ప్రసంగంలో పశ్చిమాసియాకు స్వేచ్ఛ అన్నది ముందుకు వచ్చింది. యుద్ధానికి కారణం మారిన తేదీలు రెండూ పక్కపక్కన పెట్టు, చాలు. ఇంకొకటి. ఆ జూన్‌లో నజఫ్ పట్టణంలో స్థానిక ఎన్నికకు ఏర్పాట్లు జరిగాక, దాన్ని రద్దు చేసింది అమెరికా పంపిన పాలనాధికారి పాల్ బ్రెమర్. కర్త, కర్మ, క్రియ మూడూ ఉన్నాయి చూడు. విశేషణం ఒక్కటైనా అవసరమైందా?

నేనేదో నిప్పులాంటివాణ్నని అనుకోకు. 1979 డిసెంబరులో సోవియట్ సేనలు అఫ్గానిస్తాన్‌లోకి వెళ్లినప్పుడు నేను ఒక్క వాక్యం రాయలేదు. 1971లో భద్రతా మండలిలో మన కోసం వీటో వాడింది వాళ్లేనన్న కృతజ్ఞత ఒకటి, కారుచౌకగా దొరికిన వాళ్ల పుస్తకాలతో చదువుకున్నానన్న మొహమాటం ఇంకొకటి. మిత్రులతో మాట్లాడేటప్పుడు 'పరిస్థితి సంక్లిష్టం' అనేవాణ్ని. ఆ మాటకూ కర్త లేదు. ఇప్పటికీ గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి.

ముందుమాట అడిగావు, కలం పేరు గురించి అడిగావు, ఎవరికి పంపాలని అడిగావు. కలం పేరు వద్దు. తక్కినవి తర్వాత చూద్దాం. ప్రతి రెండేళ్లకూ ఒక వాదం పేరుతో సంకలనం వేసేవాళ్లకు మాత్రం పంపకు. ఎందుకో ఎదురుపడినప్పుడు చెబుతాను, కాగితం మీద పెట్టే భాష కాదు.

కొట్టేసిన పేరాను మళ్లీ రాసి పంపు. మొదటి పేజీలోనే పెట్టు. డాలస్‌లో ఉన్న అన్నయ్య చదువుతాడని భయపడకు, చదవనీ. ఒక చోట మాత్రం నాకు అర్థం కాలేదు. 'నూటఎనిమిది' తర్వాత నీ గీత బాగా నల్లగా పడింది. ఆ క్రియ 'చేశారు' అనా, 'చేశాం' అనా?

నీ మాస్టారు